పత్తి రైతునకు విశ్వవిద్యాలయముతో పని యేమి?



విశ్వవిద్యాలయమనగా పిల్లలు పట్టాలు పుచ్చుకొను చోటనియు, సేద్యగానికి అక్కడ పని లేదనియు ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో కొందరు తలంతురు. ఇది సరి కాదు. ఒక్క పత్తి కాయను తీసికొని చూతము.

కాయ పైకి నిగనిగలాడుచుండును. చీల్చి చూచిన, లోపల గులాబీ రంగు పురుగు గింజను తినుచుండును. దూది రంగు మారి గుడ్డిపత్తియగును. ఆదోని మార్కెట్టులో ధర పడిపోవును. అప్పు తెచ్చి, వానను నమ్మి పంట పెట్టిన కుటుంబమునకు ఇది ఏడాది బ్రదుకు. పూర్వము ఈ పురుగును ఆపిన బి.టి. పత్తి నేడు ఆపలేకున్నది.

కాయ ఎవరి చేతికి పోవును?

మన వ్యవసాయ విశ్వవిద్యాలయము 1964లో హైదరాబాదున ఏర్పడినది. 1996లో ఆచార్య ఎన్.జి. రంగా గారి పేరు పొందినది. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట దాని కేంద్రము గుంటూరు చెంత లాంకు మారినది. బోధన, పరిశోధన, విస్తరణ అను మూడు పనులు దానివి.

కాయలోని పురుగు ఎప్పుడు పుట్టి ఎక్కడ దాగునో కీటక శాస్త్రజ్ఞుడు చూచును. త్వరగా కాపు ముగియు వంగడమును మరియొకరు వెదకుదురు. విత్తు అదను, సాళ్ల దూరము మా సేద్య విభాగము తేల్చును. వచ్చిన ఫలితము నిజమా, ఆ యేటి అదృష్టమా అని గణాంక శాస్త్రజ్ఞుడు లెక్క కట్టును. ఈ పనులు చేయువారు బాపట్ల, తిరుపతి, మహానంది వంటి కళాశాలలలో తయారగుదురు. చివరి యేట విద్యార్థులు పల్లెలలో ఉండి రైతు వద్ద పని నేర్తురు.

నంద్యాల పరిశోధన స్థానము విశ్వవిద్యాలయము కంటె పాతది, 1906లో మొదలైనది. నరసింహ పత్తి, సూర్యనంది కొర్ర, యంత్రముతో కోయదగిన ధీర శనగ అక్కడివే. ఎమ్మిగనూరు చెంతనే బనవాసిలో కృషి విజ్ఞాన కేంద్రము ఉన్నది. మీ ప్రశ్నకు మొదటి గడప అదే.

రైతు చేయవలసినది

1. పూత నుండి గుడ్డిపూలను ఏరి నాశనము చేయవలెను.

2. లింగాకర్షక బుట్టలు కట్టవలెను. ఒక్కొక్క బుట్టలో రోజునకు 8 రెక్కల పురుగులు వరుసగా మూడు రోజులు పడినను, 20 పచ్చి కాయలు చీల్చగా రెండింట పురుగున్నను, మందు చల్లు సమయము వచ్చినట్లే.

3. నీరున్నదని కాపును సాగదీయక, డిసెంబరు నాటికి పత్తి ముగించవలెను.

4. పత్తికట్టెను గట్టున వామి వేయరాదు. రాలిన కాయలలోను, మిల్లు చెంత గింజలలోను పురుగు నిద్రించి, మరుసటి పంటకు లేచును.

ఒక్కరు చేసిన చాలదు. పొరుగు చేనిలో కట్టె మిగిలిన, మీ శ్రమ వృథా. ఊరంతయు ఒక్కమాటపై నిలువవలెను.

క్రొత్త వంగడము విడుదలకు ముందు చిరుసంచులలో మీ చేలకే వచ్చును. అక్కడ నెగ్గనిది మా కాగితముపై ఎంత బాగున్నను వ్యర్థమే. కావున మీరును ఈ విశ్వవిద్యాలయములోని వారే. ఈ యేడు పురుగు కాయ కనబడిన పారవేయక, దానిని తీసికొని బనవాసికి రండు.