కొట్టి జరుగు – టేబుల్ టెన్నిస్ జంట ఆట పాఠం

 

మన గోడపత్రికలో ఇంతవరకు కబడ్డీ గురించి, ఖోఖో గురించి వచ్చింది. వరండాలో ఉన్న ఆకుపచ్చ బల్ల గురించి ఎవరూ రాయలేదు. అందుకని నేను టేబుల్ టెన్నిస్ మహిళల డబుల్స్, అంటే ఇద్దరిద్దరు ఆడే జంట ఆట గురించి రాస్తున్నాను. రాయడానికి ఇంకొక కారణం కూడా ఉన్నది. అది దాచిపెడితే పాఠం సగమే అవుతుంది గనుక ముందుగా అదే చెప్తాను.

కరీంనగర్ లో జరిగిన ఆటల పోటీలకు మన బడి నుండి నేను, నా జోడీ పోయినం. ఆమె ఎనిమిదవ తరగతి, నన్ను అక్కా అని పిలుస్తది. రెండు గేములు గెలిచి, మూడు గేములు ఓడినం. ఓడినంక నేను అందరి ముందట “నీ వల్లనే ఓడినం” అన్నాను. ఆమె ఏమీ అనలేదు. వాపసు వచ్చేటప్పుడు బస్సులో వేరే సీట్ల కూసున్నది. గోదావరి వంతెన దాటేటప్పుడు అందరు పైసలు వేసి మొక్కుతుంటే నేను ఆమె దిక్కు చూసిన. ఆమె నా దిక్కు చూడలేదు. హాస్టల్ కు వచ్చినంక కూడా పదకొండు రోజులు భోజనం వరుసలో నా పక్కన కూసోలేదు.

పి.ఇ.టి. సారుకు ఈ సంగతి తెలిసింది. “తప్పు ఎవరిదో ఇప్పుడే చెప్పకు. ముందుగాల ఆట నియమాలు సదువు. సదివి గోడపత్రికకు రాయి. రాసినంక తప్పు ఎవరిదో నీకే తెలుస్తది” అన్నారు. ఇగ పాఠంలోకి పోదాం.

1. బల్ల, బంతి

బల్ల పొడవు 2.74 మీటర్లు, వెడల్పు 1.525 మీటర్లు, ఎత్తు 76 సెంటీమీటర్లు. నెట్టు ఎత్తు 15.25 సెంటీమీటర్లు. బంతి అడ్డుకొలత 40 మిల్లీమీటర్లు, బరువు 2.7 గ్రాములు. బల్ల మధ్యలో నిలువుగా ఒక సన్నని తెల్ల గీత ఉంటుంది. అది ఎందుకు అని మనలో చాలామంది అడుగుతారు. అది జంట ఆట కోసమే. ఒక్కరొక్కరు ఆడేటప్పుడు దానితో పని లేదు.

పెద్దవాళ్లు ఈ ఆట 21 పాయింట్లకు అని చెప్తారు. 2001 వరకు అట్లనే ఉండేది. ఆ తర్వాత 11 పాయింట్లకు మార్చారు. ఇద్దరికీ 10 – 10 అయితే రెండు పాయింట్ల తేడా వచ్చేదాక ఆడాలి.

2. ఎవరి తర్వాత ఎవరు

ఒక దిక్కు లక్ష్మి, సీత అనుకోండి. ఇంకొక దిక్కు రాధ, గంగ అనుకోండి. (ఇవి లెక్కల పుస్తకంలో పేర్ల వంటివి, మన బడిలో ఎవరివీ కావు.)

లక్ష్మి సర్వీస్ చేస్తే బంతి ముందు తన కుడి సగంలో పడి, అవతల రాధ కుడి సగంలో మూలకు మూల పడాలి. రాధ తిరిగి కొట్టాలి. ఆ వచ్చిన బంతిని లక్ష్మి కొట్టకూడదు, సీతనే కొట్టాలి. తర్వాత గంగ, మళ్లీ లక్ష్మి, మళ్లీ రాధ. వరుస తప్పి కొడితే ఎంత మంచిగ కొట్టినా పాయింటు అవతలివాళ్లకే పోతుంది.

రెండు పాయింట్లు అయినంక సర్వీస్ మారుతుంది. ఇంతదాక అందుకున్న రాధ ఇప్పుడు సర్వీస్ చేస్తుంది, సీత అందుకుంటుంది. తర్వాత సీత సర్వీస్, గంగ అందుకోవాలి. తర్వాత గంగ సర్వీస్, లక్ష్మి అందుకోవాలి. అట్లా చక్రం తిరుగుతుంది. 10 – 10 అయినంక ఒక్కొక్క పాయింటుకే సర్వీస్ మారుతుంది. ఆఖరి గేములో ఒక జంటకు 5 పాయింట్లు రాగానే దిక్కులు మారాలి, తర్వాత అందుకోవలసిన జంట తమ వరుస కూడా మార్చుకోవాలి.

సర్వీస్ చేసేటప్పుడు బంతిని అరచేతిలో చూపించి కనీసం 16 సెంటీమీటర్లు పైకి వేయాలి. అవతలి మనిషికి బంతి కనబడకుండ మనం గానీ, మన జోడీ గానీ అడ్డం ఉండకూడదు.

3. ఒక్క రోలు, రెండు రోకండ్లు

ఈ నియమం చదివినంక నాకు మా ఊరు యాదికొచ్చింది. ఒక్క రోట్ల మిరపకాయలు పోసి ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగ నిలబడి దంచుతరు. ఒకరి రోకలి దిగుతుంటే ఇంకొకరి రోకలి లేస్తది. దంచినామె రోకలి లేపకుండ అట్లనే ఉంచితే రెండు రోకండ్లు తాకుతయి, చేతులు జుమ్మంటయి. ఎవరు ఎంత గట్టిగ దంచిండ్రు అని ఎవరూ అడగరు. సరిగ్గా లేపిందా లేదా అన్నదే ముఖ్యం.

డబుల్స్ కూడా గిదే. బల్ల వెడల్పు ఒకటిన్నర మీటరు. అండ్ల ఇద్దరు నిలబడాలి. నేను కొట్టినంక వచ్చే బంతి నాది కాదు, నా జోడీది. నేను జరగకపోతే ఆమెకు జాగ ఉండదు. కొట్టుడు సగం పని, జరుగుడు సగం పని.

4. మన హైదరాబాదు అక్క

ఆకుల శ్రీజ అక్క హైదరాబాదులో 1998లో పుట్టింది. 2022లో బర్మింగ్ హామ్ కామన్వెల్త్ క్రీడల్లో శరత్ కమల్ గారితో కలిసి మిక్స్ డ్ డబుల్స్ స్వర్ణ పతకం గెలిచింది. ఆ సంవత్సరమే అర్జున అవార్డు వచ్చింది. 2024 జూన్ లో నైజీరియా దేశంలోని లాగోస్ నగరంలో జరిగిన అంతర్జాతీయ పోటీలో సింగిల్స్ గెలిచి, కర్ణాటకకు చెందిన అర్చన కామత్ తో కలిసి మహిళల డబుల్స్ కూడా గెలిచింది. ఫైనల్ లో ఎదుటి జంట దియా చితలే, యశస్విని ఘోర్పడే. వాళ్లు కూడా మన దేశం వాళ్లే.

తర్వాత పారిస్ ఒలింపిక్స్ వచ్చినవి. ఒలింపిక్స్ లో మహిళల డబుల్స్ పోటీ 1988 నుండి 2004 వరకే విడిగా ఉండేది. 2008 నుండి దాని బదులు జట్టు పోటీ పెట్టారు. పారిస్ లో జట్టు పోటీ మొదలయ్యేదే డబుల్స్ తోటి. 2024 ఆగస్టు 5న మన దేశం రుమేనియాతో ఆడింది. ఆ మ్యాచ్ వీడియో సారు తన ఫోన్ లో మాకు చూపించారు.

శ్రీజ, అర్చన మొదటి డబుల్స్ 11–9, 12–10, 11–7 తో గెలిచారు. తర్వాత మనిక బత్రా తన సింగిల్స్ గెలిచింది. తర్వాత శ్రీజ తన సింగిల్స్ 2–3 తో ఓడింది. అర్చన కూడా 1–3 తో ఓడింది. చివరకు మనిక మళ్లీ గెలవడంతో మన దేశం 3–2 తో గెలిచి క్వార్టర్ ఫైనల్ కు పోయింది.

ఒక్కసారి ఆలోచించండి. ఆ రోజు విడివిడిగా ఓడిన ఇద్దరే కలిసి ఆడినప్పుడు మూడు గేములూ గెలిచారు. ఆ ఒక్క విజయం లేకపోతే మన జట్టు ముందుకు పోయేది కాదు. క్వార్టర్ ఫైనల్ లో జర్మనీ చేతిలో 1–3 తో ఓడినం, ఆ నాడు డబుల్స్ కూడా ఓడినం. ఆ ఒక్కటి కూడా తెచ్చింది అర్చననే. డబుల్స్ ఓడినంక మనసు చెదరకుండ తన సింగిల్స్ గెలిచింది.

5. చైనా జంటను ఓడించినవారు

2023లో చైనాలోని హాంగ్ జౌ నగరంలో ఆసియా క్రీడలు జరిగినవి. అక్కడ మన సుతీర్థ ముఖర్జీ, ఐహిక ముఖర్జీ క్వార్టర్ ఫైనల్ లో చైనా జంట చెన్ మెంగ్, వాంగ్ యిదీలను 3–1 తో ఓడించారు. ఆ చైనా జంట ఆ ఏడాదే ప్రపంచ విజేతలు. పైగా ఆట చైనా గడ్డ మీదనే. సెమీ ఫైనల్ లో మనవాళ్లు ఉత్తర కొరియా జంటతో 3–4 తో ఓడినా కాంస్య పతకం వచ్చింది. ఆసియా క్రీడల మహిళల డబుల్స్ లో మన దేశానికి అదే మొదటి పతకం.

ఇంటి పేరు ఒక్కటే గానీ వీళ్లు అక్కాచెల్లెండ్లు కారు. ఇద్దరూ పశ్చిమ బెంగాల్ లోని నైహాటీ ఊరివాళ్లు. ఐహిక బ్యాటుకు ఒక దిక్కు వేరే రకం రబ్బరు ఉంటుంది. దానికి తాకిన బంతి అవతలివాళ్లు అనుకున్నట్టు తిరగదు, మెల్లగ పోతది. వాళ్లు తడబడి ఎత్తుగ పంపిస్తే సుతీర్థ గట్టిగ కొడుతది. ఒకరి బంతి ఇంకొకరి కోసం తయారయితది.

6. నా తప్పు

ఇదంతా రాసినంక సారు తన నోటుబుక్కు నాకు ఇచ్చారు. కరీంనగర్ లో మేము 8–11 తో ఓడిన ఆఖరి గేమును సారు పాయింటు పాయింటు రాసి పెట్టుకున్నారు. పోయిన 11 పాయింట్లలో మూడు నా జోడీ నెట్టుకు కొట్టినవి. రెండు మేమిద్దరం గుద్దుకున్నవి. మిగిలిన ఆరింటికి సారు ఒక్కటే మాట రాసిండ్రు: “కొట్టింది, జరగలే.” ఆ కొట్టింది నేనే. మంచిగ కొట్టిన అని చూసుకుంట అక్కడనే నిలబడ్డ. ఆమె నా వెనక నుండి చెయ్యి చాపి అందుకోలేకపోయింది.

చెల్లె, తప్పు నాది. నిన్ను అందరి ముందట అన్నాను గనుక, అందరు చదివే ఈ గోడ మీదనే క్షమాపణ కూడా రాస్తున్నాను.

7. మనం ఎట్లా నేర్చుకోవాలి

మొదట బంతి లేకుండ ఆడాలి. ఒకరు ఉత్తగ బ్యాటు ఊపి, వెనక్కి పక్కకు జరిగి, జోడీ వెనక నుండి తిరిగి రావాలి. రోజుకు వంద సార్లు చేస్తే కాళ్లకు అలవాటు అవుతుంది. సర్వీస్ చేసేటామె బల్ల కింద వేలితో జోడీకి సైగ చేయాలి: ఒక వేలు అంటే దగ్గర, రెండు వేళ్లు అంటే దూరం. నిన్న నా జోడీ వంద దాక గోండీల లెక్కపెట్టింది, నేను మా లంబాడి మాటల లెక్కపెట్టిన. మధ్యల ఇద్దరం తప్పి నవ్వినం.

వార్డెన్ గారికి ఒక విన్నపం. మన దగ్గర బల్ల ఒక్కటే, ఆడాలనుకునేవాళ్లు మస్తుమంది. ఆదివారం నాడు డబుల్సే ఆడనిస్తే ఒక్కసారికి నలుగురికి వంతు వస్తుంది.

మీకు మూడు ప్రశ్నలు

1. బల్ల మధ్య తెల్ల గీత ఎందుకు ఉన్నది?
2. లక్ష్మి సర్వీస్ ను రాధ తిరిగి కొడితే, తర్వాత ఎవరు కొట్టాలి?
3. పారిస్ లో రుమేనియా మీద మన దేశానికి మొదటి విజయం తెచ్చిన జంట ఎవరు?

జవాబులు చీటీ మీద రాసి ఆటల గది తలుపు దగ్గరి డబ్బాలో వేయండి. సరైన జవాబులు రాసిన మొదటి ఇద్దరితో ఆదివారం నేను, నా జోడీ ఆడుతాం.

– 9వ తరగతి విద్యార్థిని