పాషాణం, చక్కెర వ్యాధి, కాలేయం

యునానీ మందుల్లో సమ్ముల్‌ఫార్ అనే ఖనిజం ఉంది. ఆ మాటకు ఎలుకల విషం అని అర్థం. ఉర్దూలో సంఖియా అనీ, తెలుగులో తెల్ల పాషాణం అనీ అంటారు. ఆర్సెనిక్ అని డాక్టర్లు చెప్పే విషం ఇందులోదే. హర్తాల్, అంటే హరిదళంలోనూ అదే ఉంటుంది. వీటిని శుద్ధి చేసి కుష్తాగా మార్చి బలానికి ఇవ్వడం పాత పద్ధతి. అందుకే చక్కెర వ్యాధితో నీరసపడినవారు కొందరు కుష్తాల వైపు చూస్తారు. కానీ ఆర్సెనిక్ చక్కెరనూ, జిగర్ (కాలేయం)నూ రెండింటినీ దెబ్బతీస్తుంది.

చక్కెర ఎలా పెరుగుతుంది?

శరీరంలో గంధకం ఉన్న ప్రోటీన్లకు ఆర్సెనిక్ అతుక్కుంటుంది. దాంతో చక్కెరను శక్తిగా మార్చే ఎంజైములు మందగిస్తాయి. క్లోమంలో ఇన్సులిన్ తయారీ తగ్గుతుంది. ఉన్న ఇన్సులిన్ కూడా కండరాల్లో సరిగా పనిచేయదు. బోరు నీటిలో ఆర్సెనిక్ ఎక్కువగా ఉన్న తైవాన్, బంగ్లాదేశ్ ప్రాంతాల్లో చక్కెర వ్యాధి ఎక్కువగా కనబడింది.

కాలేయం ఎలా చెడుతుంది?

ఒంట్లోకి వచ్చిన ఆర్సెనిక్‌ను మార్చి మూత్రం ద్వారా పంపే పని కాలేయానిదే. ఆ పనిలో దాని కణాలు దెబ్బతింటే ఎస్.జి.పి.టి., ఎస్.జి.ఓ.టి. ఎంజైములు రక్తంలోకి కారతాయి. పరీక్షలో అంకెలు పెరిగేది అందుకే. అయితే అంకెలు మామూలుగా ఉన్నంత మాత్రాన ధైర్యపడకూడదు. పశ్చిమ బెంగాల్‌లో ఆర్సెనిక్ నీళ్లు ఏళ్ల తరబడి తాగినవారి కాలేయంలో నార కట్టడం డాక్టర్లు చూశారు. ఇటువంటి నార ఎంజైములు పెరగకుండానే కట్టవచ్చు.

మోతాదు సంగతి

8 చావళ్లు ఒక రత్తి, అంటే గురిగింజ ఎత్తు, సుమారు 125 మిల్లీగ్రాములు. తెల్ల పాషాణం ఆ పాటికే ప్రాణం తీయగలదు. 1940 నాటి ఔషధాల చట్టం కింద సమ్ముల్‌ఫార్, హర్తాల్ రెండూ విష ద్రవ్యాల జాబితాలో ఉన్నాయి. అవి కలిసిన మందు డబ్బాపై వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండాలి. చీటీ లేని పొట్లంలో ఏముందో తెలియదు కనుక కొనకండి.

పాఠకులకు సూచనలు

1. కుష్తా వాడుతుంటే ఆ సంగతి షుగరు డాక్టరుకు దాచవద్దు. డబ్బా కూడా చూపించండి. షుగరు మాత్రలు మాత్రం సొంతంగా ఆపకండి.

2. చర్మంపై వాన చినుకుల్లా నల్లమచ్చలు, అరిచేతులు, అరికాళ్లు గట్టిపడటం, కాళ్లలో తిమ్మిర్లు కనబడితే మూత్రంలో ఆర్సెనిక్ పరీక్ష అడగండి. దానికి ముందు మూడు రోజులు సముద్రపు చేపలు, రొయ్యలు మానాలి. లేకపోతే అంకె తప్పుగా పెరుగుతుంది.

3. కర్ణాటకలో రాయచూరు, యాదగిరి జిల్లాల్లో కొన్నిచోట్ల భూగర్భజలంలో ఆర్సెనిక్ బయటపడింది. అక్కడ బోరు నీళ్లు తాగేవారు పరీక్ష చేయించాలి. లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదు. నీళ్లు కాచినా ఆర్సెనిక్ పోదు, ఆవిరి పోయినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

విషం ఏ దారిన వస్తున్నదో కనిపెట్టి ఆపడమే మొదటి చికిత్స. అది ఆపకుండా జిగర్‌కు ఎన్ని అరకులు తాగినా ఫలితం ఉండదు.