కడుపు నిండిన బ్యాటరీకి చలి వేయదు

సంక్రాంతికి గుంటూరు వెళ్లి, ఐదు వారాలుండి మినియాపొలిస్ తిరిగొచ్చాం. మర్నాడు పొద్దున ఆఫీసుకు బయల్దేరి రిమోట్ నొక్కితే గ్యారేజీలో కారు పలకలేదు. రిమోట్ లోపల దాగుండే చిన్న తాళంచెవి లాగి తలుపు తీశాను. లోపలి దీపం ఆరిపోబోయే అగరొత్తిలా ఓసారి ఎర్రబడి చల్లారింది. సెల్ఫ్ కొడితే టకటక చప్పుడు, అంతే. పక్కింటాయన జంపర్ కేబుళ్లు పట్టుకొచ్చి, “చలికి చచ్చిపోయింది” అని తేల్చేశాడు.

చలి తోసింది నిజమే కానీ, చంపింది ఆకలి. మైనస్ 18 డిగ్రీల సెల్సియస్‌లో సాధారణ కారు బ్యాటరీ తన బలంలో దాదాపు సగమే చూపించగలదు. అదే సమయంలో ఇంజిన్ ఆయిల్ చిక్కబడి, ఇంజిన్‌ని తిప్పడానికి మామూలుకన్నా ఎక్కువ బలం కావాల్సొస్తుంది. నిండుగా ఉన్న బ్యాటరీ ఈ పరీక్ష నెగ్గుతుంది. సగం ఖాళీ అయినది నెగ్గలేదు. పైగా వేసవి వేడికి లోపల్లోపల అరిగిన బ్యాటరీ గుట్టు బయటపడేది చలికాలంలోనే. కాబట్టి అరుదుగా తీసే కారుకు చలికాలమంతా చేయాల్సిన సేవ ఒకటే, దాని కడుపు నిండుగా ఉంచడం. అదెలాగో చూద్దాం.

1. ముందు నాడి పట్టుకోండి. చవకరకం మల్టీమీటర్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి. కారు రాత్రంతా కదలకుండా ఉన్నాక, పొద్దున్నే తలుపులు తీసి లైట్లు వెలిగించకముందే చూడాలి. 12.6 వోల్టులు, ఆపైన ఉంటే నిండుకుండ. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం. 12 దగ్గరకు వస్తే పావు వంతే మిగిలిందని అర్థం. ఇంజిన్ ఆపిన వెంటనే చూస్తే అంకె ఎక్కువగా కనిపించి మోసం చేస్తుంది. 12.4 కన్నా తగ్గిన బ్యాటరీని అలాగే వదిలి ఊరెళ్లొద్దు. తక్కువ ఛార్జితో వారాల తరబడి ఉంటే లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత ఛార్జి చేసినా పాత సత్తువ రాదు.

2. ఇంటిదొంగను కనిపెట్టండి. తాళం వేసిన కారు కూడా నిద్రపోదు. అలారం, కంప్యూటర్లు, రిమోట్ పిలుపు కోసం ఎదురుచూసే యాంటెనా, అన్నీ కొంచెం కొంచెంగా తింటూనే ఉంటాయి. 50 మిల్లీయాంపుల వరకూ మామూలే అంటారు. లెక్కేయండి: రోజుకు 1.2 యాంపియర్ అవర్లు, నెలకు 36. కారు బ్యాటరీ మొత్తం సామర్థ్యం చాలావాటిలో 50 నుంచి 70 మధ్య. అంటే నెల తిరిగేసరికి సగానికి సగం హారతి కర్పూరం! దానికి తోడు డాష్‌క్యామ్, స్టీరింగ్ కింది సాకెట్‌కి తగిలించిన ట్రాకర్, ఫోన్ ఛార్జర్ ఉంటే ఇంకా తొందరగా ఖాళీ. ఊరెళ్లేముందు అన్నీ పీకేయండి. కొన్ని కార్లు రిమోట్ దగ్గర్లో ఉంటే మాటిమాటికీ మేలుకుంటాయి. గ్యారేజీ గోడకు తాళాలు తగిలించే అలవాటుంటే వాటిని ఇంటి లోపలికి మార్చండి.

3. మెయింటెయినర్ కొనండి. ఈ జాబితాలో ఒక్కటే చేస్తానంటే ఇదే చేయండి. పాతకాలం ట్రికిల్ ఛార్జర్ బ్యాటరీ నిండినా ఆగకుండా పోస్తూనే ఉంటుంది. నెలల తరబడి వదిలేస్తే లోపలి నీరు తగ్గిపోతుంది. మెయింటెయినర్‌కి బుద్ధి ఉంది. నిండేదాకా ఇస్తుంది, నిండాక 13 వోల్టుల పైచిలుకు దగ్గర ఊరికే కాపలా కాస్తుంది. ఒక యాంపు రకం చాలు. కానీ అది కాపలాదారే తప్ప వైద్యుడు కాదు. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని లేపడానికి దానికి రోజులు పడతాయి, ఆ పనికి నాలుగైదు యాంపుల ఛార్జర్ కావాలి. బ్యాటరీ మీద ‘ఏజీఎం’ అని రాసుంటే ఛార్జర్‌లో కూడా ఆ మోడ్ ఎంచుకోండి. కొన్ని ఛార్జర్ల మీద మంచుపువ్వు బొమ్మ ఉంటుంది. అది గడ్డకట్టే చలిలో కాస్త ఎక్కువ వోల్టేజీతో ఛార్జి చేసే మోడ్.

4. క్లిప్పుల వరస తప్పొద్దు. ముందు ఎర్ర క్లిప్పు ప్లస్‌కి, తర్వాత నల్ల క్లిప్పు మైనస్‌కి లేదా మాన్యువల్ చూపించిన ఇనుప భాగానికి. ఆఖరున గోడ ప్లగ్గు. తీసేటప్పుడు సరిగ్గా తిరగేసి: ముందు గోడ ప్లగ్గు, తర్వాత నలుపు, చివర ఎరుపు. బ్యాటరీ డిక్కీలోనో సీటు కిందో ఉండే కార్లలో చాలావాటికి హుడ్ కింద విడిగా టెర్మినళ్లు ఇస్తారు, వాటికే తగిలించవచ్చు. క్లిప్పులకు బదులు గుండ్రటి రింగులున్న వైరును ఒకసారి టెర్మినళ్లకు బిగించి, కొసను గ్రిల్ దగ్గర వదిలితే ప్రతిసారీ హుడ్ ఎత్తే పని తప్పుతుంది.

5. గ్యారేజీ సాకెట్‌ను గుడ్డిగా నమ్మొద్దు. అమెరికాలో చాలా ఇళ్లలో గ్యారేజీ సాకెట్లకు షాక్ కొట్టకుండా కాపాడే జీఎఫ్‌సీఐ ఉంటుంది. అది ఒక్కసారి తెగితే, ఎవరో వచ్చి రీసెట్ బొత్తాం నొక్కేదాకా కరెంటు రాదు. మీరు ఊళ్లో అరిసెలు తింటుంటే ఇక్కడ ఛార్జర్ ఉపవాసం చేస్తుంటుంది. కొన్ని సాకెట్లు లైటు స్విచ్‌తో పాటే ఆగిపోతాయి కూడా. బయల్దేరే రోజున కాదు, రెండు రోజుల ముందే తగిలించి, లైటు ఆర్పి, పచ్చదీపం వెలుగుతోందో లేదో చూసుకోండి. మొక్కలకు నీళ్లు పోయడానికి వచ్చే స్నేహితులుంటే ఆ పచ్చదీపాన్నీ ఓ కన్నేసి ఉంచమనండి.

6. ప్లగ్గు లేకపోతే మైనస్ తీగ విప్పేయండి. చాలా కార్లలో 10 మిల్లీమీటర్ల పానా చాలు. ముందు విప్పాల్సింది ఎప్పుడూ మైనస్సే. ప్లస్‌తో మొదలుపెడితే పానా కారు బాడీకి తగిలిన క్షణమే షార్ట్, నిప్పురవ్వలు. చేతి ఉంగరం, గాజులు తీసి పక్కన పెట్టండి. విప్పిన తీగకొస మళ్లీ తగలకుండా గుడ్డ చుట్టండి. తిరిగి బిగించాక గడియారం, రేడియో స్టేషన్లు, అద్దాల ఆటోమేటిక్ కదలిక మళ్లీ సెట్ చేసుకోవాల్సి రావచ్చు. కొన్ని పాత కార్ల రేడియో కోడ్ అడుగుతుంది, దాన్ని ముందే రాసిపెట్టుకోండి. డిక్కీ కరెంటుతోనే తెరుచుకునే కారై, బ్యాటరీ కూడా అందులోనే ఉంటే, డిక్కీ మూసేముందు మళ్లీ తెరిచే దారేదో చూసుకోండి!

7. అపార్ట్‌మెంట్ వాళ్లు బ్యాటరీనే ఇంట్లోకి తేవచ్చు. ఆరుబయట మంచులో కారుండి ప్లగ్గు అందకపోతే ఇదో దారి. బరువు 15 నుంచి 20 కిలోలు ఉంటుంది, నిటారుగానే మోయాలి. పిల్లలకు అందని, గాలి ఆడే చోట పెట్టండి. ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి పూజగది దీపం, గ్యాస్ పొయ్యి దరిదాపుల్లో వద్దు. సిమెంటు నేల మీద పెడితే ఛార్జి దిగిపోతుందనే మాట పాతకాలం పెట్టెలనాటిది, ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలకు ఆ భయం లేదు.

8. ‘ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయ్’ సలహా మానండి. అందరూ చెప్పేదీ, అన్నిటికన్నా చెడ్డదీ ఇదే. సెల్ఫ్ కొట్టిన కొద్ది సెకన్లలో బ్యాటరీ వంద యాంపుల పైనే కక్కుతుంది. ఆ తర్వాత ఐదు నిమిషాల్లో ఆల్టర్నేటర్ ఇచ్చేదాంట్లో డీఫ్రాస్టర్, సీటు హీటర్, బ్లోయర్ తమ వాటా లాక్కుంటాయి. చల్లబడిన బ్యాటరీ ఛార్జిని మెల్లగానే మింగుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకపోతే ఆయిల్‌లో తేమ చేరుతుంది. మూసిన గ్యారేజీలోనైతే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది. తలుపు సగం ఎత్తి ఉంచినా ఆ ప్రమాదం పోదు. తీస్తే వారానికోసారి బయటకు తీయండి, అరగంటకు తగ్గకుండా మంచి వేగంతో నడపండి.

9. సోలార్ పలక మీద ఆశ కొంచెమే పెట్టుకోండి. డాష్‌బోర్డు మీద పెట్టే చిన్న పలక ఎండున్న చోట కొంత మేలు చేస్తుంది. మిన్నెసోటా డిసెంబరులో పగలు దాదాపు తొమ్మిది గంటలే, అద్దం మీద మంచు దుప్పటి. పైగా చాలా కార్లలో సిగరెట్ లైటర్ సాకెట్ కారు ఆపగానే తెగిపోతుంది. అలాంటప్పుడు పలక వైరును నేరుగా బ్యాటరీకి కలపాలి.

10. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లకూ మినహాయింపు లేదు. బండిని నడిపే పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా, తలుపులనూ కంప్యూటర్లనూ మేల్కొలిపేది చిన్న 12 వోల్టుల బ్యాటరీయే. అది దిగిపోతే బండి శిలావిగ్రహమే. హైబ్రిడ్‌ని నిలబెట్టి ఛార్జి చేయాలంటే డాష్‌బోర్డు మీద ‘రెడీ’ అని వెలగాలి, ఉత్త రేడియో మోడ్‌లో ఉంచితే ఉన్నదీ పోతుంది. ఎలక్ట్రిక్ కారును ఎన్నాళ్లు వదిలేయొచ్చో, ప్లగ్గులో ఉంచాలో వద్దో మాన్యువల్‌లో చూడండి. నిఘా కెమెరాలుంటే ఆపి వెళ్లండి.

11. వయసూ, శుభ్రతా చూడండి. మూడేళ్లు దాటిన బ్యాటరీకి శీతాకాలం రాకముందే, అక్టోబరులో, లోడ్ టెస్ట్ చేయించండి. ఆటోజోన్ లాంటి దుకాణాల్లో ఉచితంగానే చేస్తారు. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొక్కులు పట్టుంటే తీగలు విప్పి, తినేసోడా కలిపిన నీళ్లతో పాత టూత్‌బ్రష్ పెట్టి రుద్దండి. తుడిచి ఆరాక బిగించి, పైన కాస్త వ్యాజిలిన్ పూయండి. కొత్తది కొనేటప్పుడు పెట్టె మీద ‘కోల్డ్ క్రాంకింగ్ యాంప్స్’ అంకె చూడండి. మైనస్ 18 డిగ్రీల్లో అది ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పేది అదే. మీ కారుకు చెప్పినదానికన్నా తగ్గనివ్వొద్దు.

12. పొట్ట ఉబ్బిన బ్యాటరీ జోలికి పోవద్దు. నిండు ఛార్జితో ఉన్న బ్యాటరీలోని ద్రవం మైనస్ 50 డిగ్రీలకు కూడా గడ్డకట్టదు. పూర్తిగా దిగిపోయినదైతే మైనస్ 10 లోపే గడ్డకట్టగలదు. పెట్టె ఉబ్బినా, పగిలినా దానికి ఛార్జర్ పెట్టొద్దు, జంప్ స్టార్ట్ చేయొద్దు. పేలే ప్రమాదముంది. కొత్తది కొనేటప్పుడు పాతది దుకాణంలో అప్పగిస్తే, ముందు వసూలు చేసిన డిపాజిట్ తిరిగిస్తారు.

13. ఊళ్లో కారు మాటేమిటి? గుంటూరులో చలి భయం లేదు. కానీ నిలబడ్డ కారు ఎక్కడైనా నిలబడ్డ కారే. ఎండకు బ్యాటరీ తనంతట తానే ఖాళీ అవడం ఇంకా వేగం. ఇన్వర్టర్ బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ పోయడం మరిచిపోని నాన్నగారు, నేను వెళ్లినప్పుడే తీసే కారును మాత్రం ప్రతి ఆదివారం గుమ్మం ముందే ఐదు నిమిషాలు ఉరిమించి ఆపేసేవారు. ఎనిమిదో చిట్కా ఫోన్లో చదివి వినిపించాను. ఇప్పుడు ఆదివారం పొద్దున్నే అమ్మను ఎక్కించుకుని మంగళగిరి దాకా వెళ్లొస్తున్నారు. స్వామికి పానకం, బ్యాటరీకి ఛార్జింగు. పుణ్యంలో ఎవరి వాటా ఎంతో ఇంకా తేలలేదు గానీ, కారు మాత్రం ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోందట.