పాత మోటార్‌హోమ్ టైర్లు మరో బండికి పనికొస్తాయా?

ప్రశ్న: టెక్సాస్‌లో ఉంటున్నాం. మోటార్‌హోమ్ మారుస్తున్నాం. పాతదానికి ఈమధ్యే వేయించిన టైర్లు, షాక్ అబ్జార్బర్లు కొనబోయే సెకండ్‌హ్యాండ్ బండికి వాడుకోవచ్చా?

జవాబు: సైజు, లోడ్ రేంజ్ రెండూ సరిపోతే టైర్లు నిక్షేపంగా వాడుకోవచ్చు. కొనే బండి టైర్ల గాళ్లు లోతుగా ఉన్నాయని మాత్రం మురిసిపోకూడదు. నెలల తరబడి కదలని బండికి రబ్బరు అరగకముందే ఎండకు పగుళ్లిస్తుంది. టైరు పక్క గోడ మీద డాట్ కోడ్‌లోని చివరి నాలుగు అంకెలు దాని వయసు చెబుతాయి: 2318 అంటే 2018లో 23వ వారం. పదేళ్లు దాటితే, చూడటానికి బాగున్నా మార్చేయాల్సిందేనంటుంది మిషెలిన్.

షాక్‌ల సంగతి వేరు. అవి ఛాసిస్‌ను బట్టి మారతాయి: ఫోర్డ్ ఎఫ్-53 ఛాసిస్‌కి చేసినవి ఫ్రైట్‌లైనర్ ఛాసిస్‌కు కుదరవు. వాటిని పాతబండికే వదిలేయడం మేలు.

టైర్లు బిగించి, నీళ్లు, సామాను నింపాక ట్రక్ స్టాపులోని క్యాట్ స్కేల్‌పై ఇరుసుల బరువు తూయించి, టైరు కంపెనీ పట్టిక ప్రకారం గాలి పట్టించండి.