రంగొక్కటే చాలునా?

ఆహారపు పొట్లములపై చతురస్రములో ఆకుపచ్చ చుక్క యుండిన శాకాహారము. మాంసాహారమునకు మొదట అదే చతురస్రము, అదే చుక్క. రంగు మాత్రము గోధుమవన్నె. ఎరుపు, ఆకుపచ్చల భేదము తెలియని కంటికి ఈ రెండును ఇంచుమించు ఒక్కటే. ఇట్టి వర్ణాంధత్వము స్త్రీలలో కంటె పురుషులలో ఎక్కువ. పైగా కొనువాడు సాధారణముగా ఒక గుర్తునే చూచును. పోల్చుకొనుటకు రెండవది ప్రక్కన ఉండదు. తినరానిది తిన్న పిమ్మట తెలిసి ప్రయోజనమేమి? 2020 నాటి నిబంధనలు మాంసాహారపు చుక్కను త్రిభుజముగా మార్చినవి. ఇంత సులువైన మార్పునకు అన్నేండ్లేల పట్టెనో!

ప్రయోగశాలలో మేము గీయు రేఖాపటములకును ఇదే చిక్కు. అందుచే పటమునకు నలుపు తెలుపు నకలు తీసి చూచుచున్నాము; రెండు రేఖలు కలిసిపోయినచో ఒకదానిని చుక్కల గీతగా మార్చుచున్నాము.