రెండో ఆల్బమ్ - రెండో పంట

తొలి విజయం ఎంత తీపో, దాని తర్వాతి అడుగు అంత కష్టం. పాప్ బృందాల చరిత్రే ఇందుకు సాక్ష్యం. మొదటి ఆల్బమ్‌తో పేరు తెచ్చుకున్న బృందం రెండోదానితో నిరాశపరిస్తే, "వీళ్ల పని అయిపోయింది" అని తీర్పు చెప్పేస్తాం. ఈ తీర్పు ఎంతవరకు సబబు? సైన్సు విద్యార్థిగా నాకు తోచిన రెండు కారణాలను పాఠకుల ముందుంచుతున్నాను.

మొదటిది నిల్వ. తొలి ఆల్బమ్‌లోని పాటలు ఏళ్ల తరబడి కూడబెట్టినవి. చిన్న వేదికల మీద పాడి, జనానికి నచ్చనివి వదిలేయగా మిగిలినవి. రెండోదానికి ఏడాదో రెండేళ్లో గడువు. ఆ కాలమంతా ఊరూరా కచేరీలే. మా దిక్కు రైతులకు ఇది ఎరుకే. బీడువడ్డ చెల్క దున్నితే తొలి పంట మంచిగనే వస్తది. అది నేలలో దాగిన సత్తువ. తర్వాత పెంట తోలాలె, పెసరో జనుమో వేయాలె. వాటి వేరుబుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందేలా మారుస్తుంది. పాటగాళ్లకు ఆ ఎరువు కొత్తగా వినడం, కొత్తగా బతకడం.

రెండోది లెక్క. బాగా పొడవైన తల్లిదండ్రుల పిల్లలు సగటున పొడవే గాని, తల్లిదండ్రులంత కారని 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ చూపాడు. విజయంలో ప్రతిభ కొంత, అదృష్టం కొంత. మరుసారి ప్రతిభ ఉంటుంది, అదే అదృష్టం ఉండకపోవచ్చు. ఫలితం కొంత తగ్గితే అది పతనమే అనుకోనక్కరలేదు.

మాంచెస్టర్‌కు చెందిన స్టోన్ రోజెస్ తొలి ఆల్బమ్ 1989లో వచ్చింది. రికార్డింగ్ కంపెనీతో కోర్టు తగాదాల నడుమ రెండోది 1994 డిసెంబరుకు గాని రాలేదు. చాలామంది పెదవి విరిచారు. 1996లో బృందమే విడిపోయింది. అయితే సగటు అంటే తలరాత కాదు. ఢిల్లీ బృందం యుఫోరియా 1998లో 'ధూమ్'తో గెలిచి, 2000లో 'ఫిర్ ధూమ్'తో మళ్లీ మెప్పించింది.

మన దగ్గర బృందాల కన్నా సినిమా పాటల క్యాసెట్లదే రాజ్యంగా ఉండేది. మహబూబాబాద్ ప్రాంతంలోని కంబాలపల్లిలో పుట్టిన చక్రి 2000లో 'బాచి'తో సినీ సంగీత దర్శకుడయ్యారు. ఆ సినిమా ఆడలేదు. అయినా దర్శకుడు పూరి జగన్నాథ్ ఆయన్ను వదులుకోలేదు. 2001లో 'ఇట్లు శ్రావణి సుబ్రమణ్యం' పాటలు ఊరూరా మోగాయి. ఆ గెలుపు తర్వాత కూడా చక్రి ఆగలేదు: 2002లో 'ఇడియట్', 2003లో 'అమ్మ నాన్న ఓ తమిళమ్మాయి'. ఒక్క ఫలితంతో తీర్పు చెప్పి ఉంటే ఈ పాటలు మనకు దక్కేవా?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల నుంచి వచ్చి మన కాలేజీ వేదికలెక్కే మిత్రులు ఎందరో. మొదటిసారి చప్పట్లు కొట్టిన మనమే రెండోసారి గొంతు జారితే ఈలలేస్తం. ఆ ఈలకు జడిసి మైకు ముట్టనివాళ్లు ఎంతమందో! ఒక్క పంట చూసి నేలను అమ్ముకునే రైతు ఉండడు. శ్రోతలుగా మనకూ ఆ ఓపిక కావాలి. పాడేవాళ్లు ఎరువు వేయడం మరవొద్దు. మూడో పాట వినేదాకా మనం తీర్పు ఆపుదాం.