కువైటుకు పోయే ముందు

మా రాత్రి బడికి వచ్చే ఒక అక్క పోయిన వారం ఒక కాగితం తెచ్చింది.

"టీచరమ్మా, కువైటుకు పోవల్ల. ఏజెంటు వీసా ఇచ్చినాడు. ఏముందో చూడు" అనింది.

"నువ్వే చూడక్కా" అన్నాను.

కాగితమంతా అరబ్బీ, ఇంగ్లీషు. కానీ అంకెలు ఉన్నాయి. అంకెలు అక్కకు వచ్చు.

మన రాయచోటిలో కువైటు పేరు తెలియని వాళ్ళు లేరు. కానీ అది ఎట్లాంటి దేశమో అడిగితే పోయి వచ్చిన ఆడవాళ్ళు కూడా చెప్పలేరు. నాలుగు గోడల మధ్య పని చేసిన వాళ్ళకు దేశం ఎట్లా కనపడుతుంది?

కువైటు చిన్న దేశం. మన పాత కడప జిల్లా కన్నా కొంచెం పెద్దది. రాజధాని పేరు కూడా కువైటే. అంతా ఎడారి. మన మాండవ్య నది ఎండినా వానొస్తే పారుతుంది. అక్కడ ఎప్పుడూ పారే నది ఒక్కటీ లేదు. సముద్రం నీళ్ళలో ఉప్పు తీసి తాగుతారు. ఎండాకాలంలో వేడి 50 డిగ్రీలకు పోతుంది. చలికాలంలో చలి కూడా ఉంటుంది.

ఒకప్పుడు వాళ్ళు సముద్రంలో ముత్యాలు ఏరి, పడవల్లో సరుకు అమ్మి బతికినారు. ఆ పడవలు మన బొంబాయికి కూడా వచ్చేవి. 1961 దాకా అక్కడ చెల్లింది మన రూపాయే! 1938లో భూమిలో నూనె దొరికింది. అప్పటి నుంచి దేశం మారిపోయింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించింది. అప్పుడు లక్ష మందికి పైగా మన వాళ్ళు విమానాల్లో తిరిగి వచ్చినారు.

ఇప్పుడు వాళ్ళ డబ్బు దీనారు. ఒక దీనారుకు వెయ్యి ఫిల్సులు. నోటుకు ఒక వైపు అరబ్బీ అంకె ఉంటుంది. జాగ్రత్త! అరబ్బీలో సున్న అంటే ఒక చుక్క. మన సున్న లాగా గుండ్రంగా ఉంటే అది 5.

ఇంటి పని వాళ్ళ కోసం అక్కడ 2015లో ఒక చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చెప్పకూడదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాల. మనం ఒప్పుకోకుండా పాసుపోర్టు దాచుకోకూడదు. అన్ని ఇళ్ళల్లో ఇది జరుగుతుందని నేను చెప్పను. కానీ తెలిసి ఉంటే అడగవచ్చు. ఆపద వస్తే 112కు ఫోను చేయాల. మన భారత రాయబార కార్యాలయం కూడా అక్కడ ఉంది. కష్టంలో ఉన్న ఆడవాళ్ళకు అక్కడ తలదాచుకునే చోటు ఇస్తారు.

ఇక వీసా సంగతి. ఇంటి పని వీసా నంబరు 20. కంపెనీ పని వీసా నంబరు 18. పదో తరగతి చదవని ఆడవాళ్ళు ఇంటి పనికి పోవాలంటే 30 ఏళ్ళు నిండాల. ఇందుకు ప్రభుత్వం ఒప్పుకున్న సంస్థ ద్వారా, అనుమతి తీసుకుని పోవాల. ఇవి తప్పించడానికి కొందరు ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపుతారు. అట్లా పోతే ప్రభుత్వం లెక్కలో మన పేరే ఉండదు.

అక్క కాగితం మీద వేలు పెట్టి 20 కోసం వెతికింది. రెండు సార్లు వెతికింది. లేదు. పైన ఇంగ్లీషులో "విజిట్" అని ఉంది. అది నేను చదివి చెప్పినాను.

అక్క చాలా సేపు మాట్లాడలేదు. "అరవై వేలు కట్టినాను పాపా" అనింది.

మరుసటి రోజు పొద్దున్నే ఏజెంటు ఇంటికి పోయింది. పాసుపోర్టు వెనక్కి తెచ్చుకుంది. డబ్బులో సగం ఇచ్చినాడు. మిగతా సగం కోసం అర్జీ రాస్తా ఉంది, తన చేత్తోనే.